గోడ లేని తలుపు

నేను నెల్లూరులో డ్రాయింగు మాస్టర్ని. ఖతార్ రాజధాని దోహా వెళ్ళినప్పుడు అక్కడి మ్యూజియంలో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలపు ఒక అమెరికన్ చిత్రకారుడి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. అందరూ ఆయన్ని ఉత్త రంగుల పట్టీలు గీసేవాడనే అంటారు. కానీ ఆ పట్టీల వెనక, ఇసుకలో ఒంటరిగా నిలబడ్డ తలుపొకటి లీలగా కనిపిస్తోంది. పక్కన రాసిన వివరంలో దాని ఊసే లేదు.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, డ్యూటీలో ఉన్న గార్డు దగ్గరికొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, పేరు మల్లేశం.

"గా తల్పు మీకు గూడ కనవడ్డదా సార్? నేను రోజు సూస్త. గోడ లేకుంట తల్పేంది?"

"దాన్ని సర్రియలిజం అంటారు. కలలోలాగా, ఒకచోట ఉండాల్సింది ఇంకోచోట ఉంటుంది," అన్నాను.

ఆయన ఆ తలుపు వైపు వేలు చూపించాడు.

"మా ఇంటామెకు గూడ గసొంటి కలనే వడ్తది సార్. మా ఊర్ల గల్ఫ్‌ల ఏ దేశమైనా దుబాయే అంటరు గదా. కలల నా కోసం దుబాయ్ గల్లీలన్ని తిరుగుతదట. నేను దొరకనట. పొద్దుగాల ఫోన్ చేసి ఏడుస్తది."

"మీరుండేది ఖతార్‌లో అని చెప్పలేదా?"

"శానసార్లు చెప్పిన. లేచినంక ఆమెకు ఎరుకే సార్. గని, కలకెట్ల చెప్పాలె?"