కోడిపెట్టతో మీదికి పోయినోడు

శుక్లాల ఆపరేషన్ అయ్యి కంటి కట్టు విప్పిన దగ్గర్నుంచి మా అవ్వ నా ప్రాణం తోడేస్తోంది. ఆమెకు కావలసింది ఒక్కటే. తెలంగాణ వచ్చిన కొత్తలో, అప్పుడు మేముండే కోస్గిలో మా ఇంటి కేబుల్ టీవీలో మేమిద్దరం చూసిన సినిమా మళ్లీ చూపించాలి. పేరు ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. తెలుగు మాటలు పెట్టిన ఏదో ఇంగ్లీషు సినిమా.

"గాజుబుడ్డి నెత్తికి బోర్లించుకున్నోడు కోడిపెట్టను పట్టుకొని మీదికి పోతడు సూడు, గదే," అంటుంది. "అప్పుడు నాకంత పొగ లెక్క కనవడ్డది. ఇప్పుడు కండ్లు మంచిగైనయి. వాడు దిగొచ్చినప్పుడు కోడి వాని ఎంబడి ఉన్నదో లేదో జర సూడాలె."

నాకు గుర్తున్నదీ అంతే. అంతరిక్ష ఓడలో ఒక్కడే మనిషి, తోడుగా కోడి. తన పళ్లెంలోదే దానికీ పెడతాడు, దానితోనే మాట్లాడతాడు. చివర్లో ఏదో పొలంలో దిగితే, వానలో ఒక ముసలామె వచ్చి దుప్పటి కప్పుతుంది. ఫోనులో ఎన్ని రకాలుగా అడిగినా వంటల వీడియోలే వచ్చాయి. సినిమా పిచ్చివాళ్ల గ్రూపులో పెడితే, కోడికూర తిని పడుకున్నప్పుడు వచ్చిన కలేమో అన్నాడొకాయన. నల్లగొండలో ఉండే మా చిన్నాయన, ఆ సినిమా చూడనే లేదు, అయినా అది కోడి కాదు బాతని వాదించాడు. వీళ్లతో వేగలేక చచ్చాను. పొద్దున లేస్తే అవ్వది అదే పాట: "దొరికిందా బిడ్డా?"

చివరికి కోస్గి వెళ్లి ఆనాటి కేబుల్ ఆయన్ని పట్టుకున్నాను. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. కథంతా విని, "నడుమల కరెంటు పోయింది గదా," అన్నాడు.

పోయింది, నిజమే. మా ఇళ్లలో కరెంటు పోతే సినిమా పోయినట్టు కాదు. కేబుల్ ఆయనకు ఇన్వర్టర్ ఉంది కాబట్టి అక్కడ కథ నడుస్తూనే ఉంటుందని అందరి నమ్మకం. చూడని ముక్క చీకట్లో మేమే అల్లుకునేవాళ్లం. ఆ రోజు కరెంటు వచ్చేసరికి గాజుబుడ్డి మనిషి పొలంలో నిలబడి ఉన్నాడు. "దిగిండు," అంది అవ్వ. కాబోలనుకున్నాను నేనూ.

"నా ఇన్వర్టర్ గప్పటికే ఖరాబైంది," అన్నాడాయన తాపీగా. "కరెంటొచ్చినంక గా డిస్కు మళ్ల నడవలే. గట్లాంటిదే ఇంకోటి ఏసిన. ఎవ్వలు అడగలే, నేను చెప్పలే."

రెండింటి పేర్లూ గుర్తులేవట. ఒళ్లు మండిపోయింది. లేని సినిమా కోసం ఇన్నాళ్లూ ఊరందరితో మాటలు పడ్డానన్నమాట.

ఇంటికొచ్చి అవ్వ ముందు కూర్చున్నాను. వాడు వేరు, వీడు వేరు, పొలంలో దిగినవాడు మన కోడి మనిషి కానే కాదు, ఇక ఈ గొడవ వదిలెయ్ అని చెప్పాను. పోనీలే అంటుందనుకున్నాను. ఆమె ఆ కొత్త కళ్లతో తలెత్తి పైకి చూసింది.

"అయితే వాడు, కోడి ఇంక మీదనే ఉన్నరా?" అంది. "ఇన్నేండ్ల సంది ఇంటికొచ్చిండనుకొని నిమ్మళంగున్న."

నా కోపం తగ్గలేదు గానీ, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఫోను మళ్లీ తీశాను. ఈసారి పొలాన్నీ దుప్పటి కప్పిన ముసలామెనూ వదిలేసి, మనిషి, కోడి, ఆకాశం అని మాత్రమే కొట్టాను. అవ్వ పక్కకు జరిగి ఫోనులోకి వంగింది. మళ్లీ వంటల వీడియోలే వచ్చాయి.