దుమ్ములగొండి తిన్న మేకపిల్ల

తుర్ఫా మా అమ్మకు చెల్లెలు. మా లోయలో పాతకాలపు ఆనవాళ్ల కోసం తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ అక్కడ వంటమనిషి ఆవిడే. ఎండుపొదలూ ఒంటె పేడా కలిపి పొయ్యి రాజేసి, బోర్లించిన ఇనుప పెనం మీద పలుచని రొట్టెలు వేసేది. ఆ రొట్టెలు తిని పెరిగినవాణ్ణి నేను. తవ్వకాలవాళ్ల జీపు నడిపే రోజుల్లో కూడా ఆ పొగ కనిపిస్తేనే నాకు ఆకలి వేసేది.

ఆ ఏడు కరక్ పట్నం నుంచి రవాన్ అనే డాక్టరమ్మ వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, పాతకాలపు సంగతులు చదివిన డాక్టరు. కొండగుహలో వేల ఏళ్లుగా ఎండిపోయి ఉన్న మేకల పెంటికలు ఏరించింది. ఆ కాలంవాళ్లు మేకల్ని కొండగడ్డికి వదిలేశారా, తాము పండించిన బార్లీ కూడా పెట్టారా అన్నది ఆవిడకు తేలాలి. పగలగొట్టకుండానే లోపలున్నదంతా పొరలు పొరలుగా చూపించే ఎక్స్‌రే యంత్రం అమ్మాన్ నగరం దగ్గర ఉంది. ఆవిడ వంతు మరుసటి వారం. అది దాటితే మళ్లీ ఎప్పుడో తెలియదు.

పెంటికల పెట్టెను కూలీలు నీడపట్టున ఉంటుందని వంటగుడారం వెనక పెట్టారు. పిన్ని వంటచెరకు ఉండేదీ అక్కడే. ఎవరో పుణ్యాత్ములు ఎండుపేడ తెచ్చిపెట్టారనుకుంది.

మధ్యాహ్నం అందరం తింటుండగా రవాన్ ఆ పెట్టె అడిగింది.

"ఏ పెట్టె తల్లీ?" అంది పిన్ని, రొట్టె తిప్పుతూ.

"వెనక పెట్టిన చెక్కపెట్టె పిన్నీ. పెంటికలున్నది."

పిన్ని చెయ్యి ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడింది.

మేస్త్రీ ఉకాబ్‌కు నవ్వాగలేదు. "ఇంక యంత్రమెందుకు డాక్టరమ్మా? ఆ మేకలేం తిన్నాయో మా పొట్టల్ని అడుగు."

"నీ నోట్లో మన్ను పడ! నోరు మూసుకుని తిను," అంది పిన్ని.

రవాన్ నవ్వలేదు. చేతిలో ముక్క పక్కన పెట్టి గుడారం వెనక్కి నడిచింది. పిన్ని ఆవిడ వెంటే పరుగెత్తింది.

"పేడంటే మాకు పొయ్యిలోకే కదమ్మా. దాచుకునే పేడ కూడా ఉంటుందని నాకేం తెలుసు? తిట్టు నన్ను. అలా ఊరుకోకు, తిట్టు."

"తిడితే తిరిగొస్తాయా?" రవాన్ ఖాళీ పెట్టెను వంచి చూసింది. "అన్నీ వేసేశావా?"

"అంటుకున్నవన్నీ వేశాను. సుద్దగడ్డల్లాంటివి కొన్ని ఎంత ఊదినా అంటుకోలేదు. విసుగొచ్చి అటు విసిరేశాను."

అందరం రాళ్లమధ్య వెతికాం. మొదటిది దొరకగానే రవాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మేకది కాదు, దుమ్ములగొండి పెంట. ఎముకలు తినే జంతువు కాబట్టి అలా రాయిలా గట్టిపడుతుందని చెప్పింది. గుహలో ఆ పాత పెంటికల మధ్యే కనిపిస్తే ఎందుకైనా మంచిదని అదే పెట్టెలో వేసుకుందట. పొద్దుగూకేదాకా పిన్ని మోకాళ్ల మీద పాకుతూ దొరికినవన్నీ తలగుడ్డ కొంగులో ఏరింది. వాటినే యంత్రం దగ్గరికి తీసుకెళ్లాం.

వారం తర్వాత తిరిగి రాగానే రవాన్ జీపు దిగి, కంప్యూటరు పట్టుకుని నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్లింది.

"ఇదిగో పిన్నీ, ఈ గడ్డ లోపల. ఇది మేకపిల్ల పన్ను. ఈ సన్నగీతలు దాని వెంట్రుకలు. పక్కనున్న తునకలు చూడు, బార్లీ పొట్టు. దుమ్ములగొండి బార్లీ మెయ్యదు కదా. అది మేకపిల్ల కడుపులోంచి వచ్చింది. మరి కొన్ని గడ్డల్లోనూ ఉంది."

"అయితే నీ పని అయినట్టేనా?"

"అంతా కాలేదు. కాలిపోయినవి ఉంటే ఇంకా చాలా తెలిసేది. కానీ ఉత్తచేతులతో ఇంటికెళ్లాల్సినదాన్ని, వీటితో వెళ్తున్నాను. నీ మేలు మరచిపోను."

పిన్ని పిండిచేతులు వెనక్కి పెట్టుకుని, వంగి చాలాసేపు చూసింది.

"పాలు మాని మేతకు తిరిగే వయసు," అంది మెల్లగా. "తమ నోటి బార్లీ దానికి పెట్టారన్నమాట. ఎవరి తల్లో, ఎవరి పిల్లలో. అల్లా వాళ్లను చల్లగా చూడాలి."

"ఆమీన్," అంది రవాన్. పొయ్యి దగ్గర ఉకాబ్ కూడా అన్నాడు.