నాలుగు వేళ్ల మసి

మా అక్క దృష్టిలో కారంటే నాలుగు చక్రాలే. మిగతాదంతా వాటి మీద కూర్చున్న సామాను. నా మెకానిక్ షెడ్డులో ఆవిడ పని ఆ చక్రాలు కడగడం. బ్రేకులు అరిగి రాలే నల్లపొడి వేడికి చక్రాలకి కరుచుకుపోతుంది, మామూలు సబ్బుకి లొంగదు. మేం దాన్ని మసి అంటాం. ఆ మసితో అక్కకి ఏదో పాత పగ ఉన్నట్టుండేది.

ఆవిడ పద్ధతి ఆవిడది. ముందు అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగాన్ని చక్రానికి ఆనించి చూస్తుంది. వేడిగా ఉంటే చుక్క నీళ్లు పోయదు, ఎవర్నీ పోయనివ్వదు. చల్లారాక మసి వదిలించే మందు చల్లుతుంది. అది ఇనుపరజను కరిగిస్తూ ఊదారంగుకి తిరిగి బొట్లుబొట్లుగా కారుతుంది. ఆరిపోకముందే పాత పళ్లబ్రష్షుతో మూలమూలలా తోమి కడిగేయాలి. ఒకసారి పని తొందరగా తెమలాలని నేను బాత్రూం యాసిడ్ తెచ్చాను. "చర్మం ఊడొచ్చేలా స్నానం చేస్తావట్రా నువ్వు?" అని సీసా లాక్కుంది. కడిగిన చక్రంలో మొహం చూసుకుని జుట్టు సర్దుకుంటే గానీ ఆవిడకి పని అయినట్టు కాదు. అందుకే అందరూ అద్దం అక్క అనేవారు.

నాకేమో ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, జరిగినదాంట్లో దాని వాటా పెద్దది.

మా షెడ్డుకి టాక్సీ నడిపే పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. ముందు ఎడమ చక్రం నల్లబడిందంటూ రెండు వారాల్లో మూడుసార్లు వచ్చాడు. మిగతా మూడూ బాగానే ఉండేవి. "మళ్లీ వచ్చిందా మొండిఘటం? ఇటు పెట్టు బాబాయ్, దాని పని పడతా," అనేది అక్క. ఆ ఒక్క చక్రం చల్లారడానికి చాలాసేపు పట్టేది. ఎండ తగిలే పక్క కాబోలు అనుకుని ఓపిగ్గా కూర్చునేది.

మూడోసారి పెద్దాయన నా దగ్గరికొచ్చి, "బండి కాస్త ఎడమకి లాగుతోంది, ఓసారి చూడు నాయనా," అన్నాడు. నేను ఇంకో కారు కింద ఉన్నాను. తల బయటపెట్టి చూస్తే నాలుగు చక్రాలూ తళతళలాడుతున్నాయి. "లాగేది బండి కాదు, రోడ్డు. వెళ్లిరా బాబాయ్," అని నవ్వి మళ్లీ కిందకి దూరాను.

మర్నాడు దిగుడు రోడ్డులో ఆ చక్రం పొగలు కక్కి, బండి వెళ్లి గోడకి కొట్టుకుంది. పెద్దాయన కుడిచెయ్యి విరిగింది. బండిని షెడ్డుకి లాక్కొచ్చాక చక్రం విప్పి చూశాను. బ్రేకు బిగుసుకుపోయి, పెడల్ మీంచి కాలు తీసేసినా వదలకుండా రుద్దుకుంటోంది. ఎన్నాళ్ల నుంచో! ఒక్క చక్రానికే అంత మసి పట్టిందంటే మెకానిక్ అన్నవాడికి కారణం ఇట్టే తెలియాలి. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. పదిమంది ముందు అక్క మీద అరిచాను.

"మసిపూసి మారేడుకాయ చేసేవాళ్లని చూశాను గానీ, మసి తుడిచి మనిషి ప్రాణం మీదకి తెచ్చేవాళ్లని నిన్నే చూశాను! కడిగే ముందు ఒక్కసారి నాకు చూపిస్తే నీ సొమ్మేం పోయింది?"

అక్క బ్రష్షులు కడిగి, బకెట్టు బోర్లించి, ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఉండేది పక్క వీధిలోనే, వెళ్లి పిలవచ్చు. పిలిస్తే పెద్దాయన నాతో అన్న మాట కూడా చెప్పాలి. అందుకే వెళ్లలేదు. తప్పు అక్కదేనని అందరూ నమ్మారు. షెడ్డు మామూలుగానే నడిచింది. నేను మాత్రం సిగ్గుతో లోపల్లోపల చచ్చిపోతూ, రోజూ వేళకి తిన్నాను, పడుకున్నాను.

చెయ్యి అతుక్కున్నాక పెద్దాయన బండి వేసుకుని వచ్చాడు. చక్రాల నిండా మసి. "కడిగించుకోలేదేం బాబాయ్?" అన్నాను.

"మీ అక్క చూడందే నేను ఎవరికీ ఇవ్వను. అందుకే వెంట తెచ్చుకున్నాను," అన్నాడు. వెనక తలుపు తీసుకుని అక్క దిగింది.

నా వైపు చూడలేదు. ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూపుడువేలితో గట్టిగా ఒక గీత గీసింది. ముందు కుడి చక్రానికి మధ్యవేలు, వెనక కుడిదానికి ఉంగరంవేలు, వెనక ఎడమదానికి చిటికెనవేలు. చుట్టూ తిరిగొచ్చి ఆ నాలుగు వేళ్లూ నా మొహం ముందు పెట్టింది.

"ఇక మీదట కడగకముందు ఇలా చూపిస్తాను. ఇంట్లో కూర్చుని ఇదే ఆలోచించాను," అంది.

ఆ వేళ్లు చూసేసరికి నాకు దుఃఖం ఆగలేదు. "అక్కా, బండి లాగుతోందని బాబాయ్ ఆ రోజే నాకు చెప్పాడు. నేను కారు కింద నుంచి లేవలేదు," అన్నాను.

"తెలుసు. చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లినప్పుడు చెప్పాడు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"కడిగేదానికి తెలియలేదంటే జనం పాపం అని వదిలేస్తారు. చెప్పినా మెకానిక్ పట్టించుకోలేదంటే మళ్లీ నీ షెడ్డు గడప తొక్కుతారట్రా?" అంది. "ఏడుపు తర్వాత. ఉంగరంవేలు చూడు, మిగతావాటికంటే నలుపు."

కళ్లు తుడుచుకున్నాను. బండి ఎలా నడుస్తోందో పెద్దాయన్ని అడిగి, ఆయన చెప్పడం అయ్యేదాకా నిలబడి విన్నాను. తర్వాత వెళ్లి జాకీ తెచ్చాను.