కంప్యూటరుకు వినిపించిన చిన్నత్త గొంతు

మొన్న మధురైలో, మాట్టుతావణి మార్కెట్లో టమోటాలు బేరమాడుతుంటే, కొట్టామె ఫోను నోటి దగ్గర పెట్టుకుని కూతురికి కబురు చెప్పింది. "రెండు పెట్టె తక్కాళి మిగిలుండాది, బండిలో పంపిస్తా. నువ్వు శీక్రం వచ్చేయి." తరాలుగా తమిళనాడులోనే ఉన్న మా ఇళ్లలో మాట్లాడే తెలుగే, సగం అరవం. ఫోను ఒక్క ముక్క వదలకుండా, ఆమెకు చదవడం వచ్చిన తమిళ అక్షరాల్లోనే రాసిపెట్టింది. నేను బేరం మరిచి ఆ తెరనే చూస్తూ నిలబడ్డాను. ఆమె నన్ను అనుమానంగా చూసి ఫోను కొంగు చాటుకు లాక్కుంది.

కొన్నేళ్ల కిందట కోయంబత్తూరులో, కంప్యూటరుకు తెలుగు వినడం నేర్పడానికి జనం గొంతులు సేకరించే కంపెనీలో పనిచేశాను. వచ్చిన రికార్డింగులు విని, పనికొచ్చేవీ రానివీ తేల్చడం నా ఉద్యోగం. తమిళ బడిలో చదివి, ఇరవై దాటాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఎక్కడ అరవమాట దొర్లినా పట్టుకునేవాణ్ణి. పెద్దవయసు ఆడవాళ్ల గొంతులు కావాలంటే, బోడినాయకనూరులో ఉన్న చిన్నత్త దగ్గరికి, అంటే మా నాన్న చెల్లెలి దగ్గరికి వెళ్లాను. ఏలకుల గోదాములో కాయలు ఏరేది ఆమె. ఫొటో తీయనత్తా, గొంతొక్కటే చాలన్నా వినకుండా పట్టుచీర కట్టుకుంది. చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపింది, కోడిని గంప కింద మూసింది. ఆ ఉక్కలో చెమట తుడుచుకుంటూ తన పని గురించి చెప్పింది. "మొదల్లో రొంబ కష్టం సామీ. పగిలింది, పచ్చిది, అన్నీ ఒకే మాదిరి ఉండె. మా అత్త పక్కన కూర్చోపెట్టుకొని, వేలితో తడవి చూడమనె. ఇప్పుడు కన్ను మూసుకొని ఏరేస్తా."

మరుసటి వారం ఆ రికార్డింగు నా బల్ల మీదికే వచ్చింది. వాక్యంలో ఒకటి రెండు పరాయి మాటలు మించితే పనికిరాదని తిప్పేయాలని నియమం. అత్త మాటల్లో అంతటా మించాయి. మావాళ్లు తరతరాలుగా ఇలాగే మాట్లాడుతున్నారని, అలవాటు పడాల్సింది యంత్రమేనని పైవాళ్లతో ఒక మాట అని ఉండొచ్చు. అనలేదు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. ఆంధ్రా నుంచి వచ్చిన తోటివాళ్లు మా ఇంటి మాట విని నవ్వుతారని భయం. తెర మీద 'తెలుగు కాదు' అని ఒక మీట ఉండేది. నొక్కేశాను. తిప్పేసిన గొంతులన్నీ నెలాఖరుకు చెరిపేసేవారు. తీసింది కంపెనీ ఫోనులో కనుక నా దగ్గరా ప్రతి మిగల్లేదు.

తర్వాత బోడినాయకనూరు వెళ్లినప్పుడు అత్త కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది. "నా మాట తీసుకొనెనా ఆ కంప్యూటరు?"

"తీసుకొనె అత్తా," అన్నాను.

ఆ సంగతి ఆమె వీధి వీధంతా చెప్పుకుందట, పోయేదాకా చెప్పుకుంటూనే ఉందట. ఇప్పుడు ఆమె గొంతు ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్న పెళ్లి వీడియోలో అత్త పెదవులు కదులుతాయి కానీ వినిపించేదంతా మేళమే. జీవితమంతా ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని మనిషి మాటను తెలుగు కాదనడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే ఇన్నేళ్లూ చాలడం లేదు.