పళ్లెయ్యని కోడె

నా చిన్నప్పుడు, బేతంచెర్ల దగ్గర మా ఊళ్లో, పళ్లు అంటే తినేవో నమిలేవో నాకు ఎప్పుడూ సరిగ్గా తేలేది కాదు. ఆ అయోమయాన్ని పెంచడంలో మా తాత కోడెలు తమ వంతు సాయం చేశాయి.

మా తాత తిరునాళ్ల బండలాగుడు పోటీకని ఒక జత కోడెలను సాకుతుండేవాడు. వారంలో పోటీ ఉందనగా, అరుగు మీద కూర్చుని ఎవరితోనో అన్నాడు: "మన ఎర్రదానికి ఇంకా పళ్లెయ్యలేదప్పా. ఈ తూరి గెలుపు మనదే."

గడ్డి వేస్తున్నాం, చిట్టు వేస్తున్నాం, పళ్లు మాత్రం వెయ్యలేదన్నమాట. పళ్లు పెట్టకపోతే ఎలా గెలుస్తుందో అర్థం కాలేదు. తాత ఓడిపోకూడదని ఒక అరటిపండు తీసుకుపోయి ఎర్రకోడెకు అందించాను. అది నోరు తెరిచింది. పై చిగురుకు ముందువైపు ఒక్క పన్ను కూడా లేదు!

సందేహం తీర్చుకోవడానికి మా కుక్క నోరు తెరిచి చూశాను. దానికి పైనా కిందా నిండుగా ఉన్నాయి, మధ్యలో కోరలు కూడా. అది నా చేతిని కాసేపు పళ్ల మధ్య పట్టుకుని, ఆలోచించి వదిలేసింది. పరిశోధనకు అంతకు మించిన సహకారం ఆశించకూడదు.

ఏడుస్తూ పోయి చెప్పాను: "తాతా, ఎర్రదానికి పైపళ్లన్నీ రాలిపోయినాయి!"

"కుక్కను జూసి కోడెను ఎంచుతావేందిరా," అని తాత పడీపడీ నవ్వాడు. గొడ్లకు పైన ముందుపళ్లు పుట్టుకతోనే ఉండవట. కింద ఉన్నవి పాలపళ్లు. అవి ఊడి, ఆ చోట వెడల్పాటివి వస్తే అప్పుడు పళ్లేసినట్టట. పాలపళ్ల కోడెలకు చిన్న బండ కడతారు, పళ్లేసిన వాటికి పెద్ద బండ. అంటే నోటినిండా పళ్లున్న కోడె పళ్లెయ్యనిది, ఉన్నవి ఊడగొట్టుకున్నది పళ్లేసినది. నేను తలూపాను. అర్థమై కాదు.

పోటీ రోజు పొద్దున తాత ఎర్రదాని నోరు తెరిచి చూశాడు. ఒక పాలపన్ను ఊడిపోయి, ఆ సందులో కొత్తది తెల్లగా తొంగి చూస్తోంది. పెద్ద బండ లాగే సత్తా మా కోడెలకు లేదని నాకు కూడా తెలుసు.

బరి దగ్గర పళ్లు చూసే పెద్దమనిషి తాతకు పాత స్నేహితుడు. "పోప్పా పో, నీ కోడెలు నాకు తెల్దా యేంది," అని నోరు చూడకుండానే చెయ్యూపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తాత మాత్రం కదల్లేదు. తానే ఎర్రదాని కింది పెదవి దించి, "చూడప్పా, పన్నేసినాది," అన్నాడు.

"శానా సన్నంగా ఉండాది. నాకు కనపళ్లేదులే."

"నాకు కనపడతాండాది గదా."

పెద్ద బండ కట్టారు. మా కోడెలు దాన్ని కొంచెం కదిలించాయి. కొంచెం అనడం కూడా అభిమానంతోనే. ఆఖరి స్థానానికి మాకు పోటీ ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చే దారిలో తాత దిగులుగా ఉంటాడనుకున్నాను. ఆయనేమో ఎదురుపడిన ప్రతి మనిషినీ ఆపి, మనవడు పుట్టినంత సంబరంగా, "మా ఎర్రది పన్నేసినాది!" అని చెప్పుకుంటూ నడిచాడు. ఎందుకు చెప్పావు తాతా అనడిగితే, "పన్నేసినాక చెప్పకుండా ఎట్లరా?" అని నన్నే ఎదురడిగాడు. నిజం దాచకూడదనా, కోడె ఎదిగిందని చెప్పుకోకుండా ఉండలేకనా?

మొన్నామధ్య కర్నూలు బస్సులో కండక్టరు నా జుట్టు చూసి, అడక్కుండానే పెద్దల రాయితీ టికెట్టు కొట్టబోయాడు. నాకింకా అరవై నిండలేదని కార్డు తీసి చూపించి మరీ పూర్తి టికెట్టు తీసుకున్నాను. "నిన్నెవరడిగినారని?" అంది పక్కనున్న మా ఆవిడ. అడక్కపోయినా ఉన్నమాట చెప్పడం తాత నుంచే వచ్చింది, అందులో అనుమానం లేదు. అది నిజం కోసం చెప్పానో, ఇంకా ముసలివాణ్ని కాలేదన్న గొప్ప కోసం చెప్పానో మాత్రం బస్సు దిగేదాకా ఆలోచించినా తేలలేదు.