ఫ్రేము కట్టని ఫోటో

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. బెంగళూరు శివార్లలో జిగణిలో కాపురం ఉంటుంది. ఏదున్నా ఫోన్‌లోనే చెప్పే మనిషి, ఆ రోజు మాత్రం బస్సెక్కి ఊళ్లో కాటన్‌పేటలో ఉన్న మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా గడప దగ్గరే నిలబడింది.

"వదినా, మన పెట్టెలో ఫోటో ఉండాదే, ఆయనకు కూతురుండాది."

"ఏ ఫోటో ఆయనకు?"

"పెట్టెలో ఉండేది ఒకటే కదా. మా తాత జతగాడు. బర్మాలో పోయినాయన."

చేతిలోని చేటను కింద పెట్టి అక్కడే కూర్చున్నాను.

మా అత్తగారింట్లో ఒక ఇనుప ట్రంకు పెట్టె ఉంది. నా భర్త తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా పోయి ప్రాణాలతో తిరిగొచ్చిన సిపాయి. పెట్టెలో రెండు మూటలుంటాయి. ఎర్రగుడ్డ మూట తాతది. అందులో పతకాలు, ముద్రలు వేసిన కాగితాలు, మడత కత్తి ఉంటాయి. తెల్లగుడ్డ మూట ఆయనతోపాటు పోయి తిరిగిరాని స్నేహితుడిది. అంచులు పెచ్చులూడిన మగ్గు, ఉన్ని మఫ్లరు, తాయెత్తు, ఓడ ఎక్కబోయే ముందు బెంగళూరులో తీయించుకున్న చిన్న ఫోటో. తాత తిరిగొచ్చీ రాగానే ఆ మూట పట్టుకుని హోసూరు అవతల ఉన్న స్నేహితుడి పల్లెకు పోయాడట. భార్య కడుపుతో ఉండగానే ఊరు విడిచిపోయిందనీ, ఎక్కడుందో తెలియదనీ చెప్పారట. ఆ తర్వాత కూడా చాలాసార్లు పోయి అడిగి వచ్చాడట.

ఇంక దొరకరని తోచాక, "వాళ్లు కనబడేదాకా మనమే అన్నం పెడదాం" అన్నాడు. అప్పటినుంచి మహాలయ అమావాస్యనాడు మా పెద్దల వరసలో ఆయనకూ ఒక ఆకు వేస్తున్నాం. ఆయన పేరు, ఊరు చెప్పి నీళ్లు వదులుతున్నాం. ఫోటోకు మాత్రం తాత ఫ్రేము కట్టించనివ్వలేదు. "ఫ్రేము కడితే మనదైపోతాది. ఇది ఇచ్చేయాల్సిన సొత్తు" అనేవాడట. అందుకే మా పెద్దలంతా అద్దాల వెనక ఉంటే, ఆయన ఒక్కడు ఉత్త అట్టముక్క మీద, మగ్గుకు ఆనుకుని నిలబడేవాడు.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. పారాయణ పుస్తకాలు చదువుకోగలిగినంత చదువు ఇచ్చాడు, ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఈ ఇంటికి వచ్చాక మా అత్త పసుపు కుంకుమల గిన్నె నా చేతికిచ్చింది. "పాత బొట్టు తుడిచి గాని కొత్తది పెట్టగూడదు" అని నేర్పింది. ఏటా తడిగుడ్డతో అన్ని ఫోటోలూ తుడిచేదాన్ని. గంధం రాసి, దాని మీద కుంకుమ పెట్టేదాన్ని. మా అత్త అగ్గిపుల్ల కొసతో పెట్టేది. నాకు అది పిసినారితనంగా తోచి ఉంగరపు వేలితో నిండుగా పెట్టేదాన్ని. ఎవరూ లేని మనిషి కదా అని ఆయనకు ఇంకొంచెం ఎక్కువగానే.

మా ఆడబిడ్డకు ఆ కూతురు దొరికింది కూడా అమావాస్య వల్లనే. వాళ్ల పక్క వీధిలో ఒక ముసలామె ఖాళీ పీట ముందు ఆకు వేసి కూర్చుందట. పీట మీద ఫోటో లేదేమవ్వా అని ఈమె అడిగిందట.

"మా నాయనకు వేసినా. నేను పుట్టకముందే బర్మా యుద్ధానికి పోయినాడు. ముఖమే చూడలేదు, ఫోటో యాడిది?"

పేరు అడిగితే, ఏటా మా ఆయన నోట వినే పేరే చెప్పిందట. ఊరూ అదే.

"ఫోటో ఉండాదని చెప్పేసినా వదినా. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆదివారం పిల్చుకొస్తా."

స్వామికి దండం పెట్టుకున్నాను. తాత మాట ఇన్నాళ్లకు మా చేతుల మీదుగా చెల్లుతోంది కదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె తెరిచి, తెల్లగుడ్డ విప్పి, ఫోటోను వెలుగులోకి తెచ్చాను.

ఏటా చూస్తున్న ఫోటోనే. కానీ నేను చూసింది బొట్టు పెట్టాల్సిన చోటును. ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. టోపీ ఉంది. కాలరు ఉంది. ఒక చెవి ఉంది. నడుమ ముఖం ఉండాల్సిన చోట పొర లేచిపోయి, ఎర్రమరకలు ఇంకిన కాగితం మిగిలింది.

మా ఆడబిడ్డ నా భుజం మీదుగా చూసింది. "ఇదెప్పుడైంది?"

"ఏటేటా అయింది."

మా ఆయన దాన్ని స్టూడియోకు తీసుకుపోయాడు. పోయిన ముఖం తిరిగి రాదనీ, కావాలంటే ఆ కాలపు మనిషిలాగా ఒక ముఖం కంప్యూటర్‌లో చేసి అతికిస్తాననీ చెప్పాడట అక్కడి మనిషి.

"చేయించేయండి" అంది ఆడబిడ్డ. "ఆమెకు కండ్లు అంతంత మాత్రం. ఎవర్ని చూపినా నాయనా అంటాది."

"ముసలామె తృప్తిపడితే చాలదా?" అన్నాడు మా ఆయన కూడా.

నాకూ ఆశ పుట్టింది. ఒక పూటంతా ఆ ఆశతోనే వంట చేశాను. ఆమె కళ్లకద్దుకుని సంతోషంగా వెళ్లిపోతుంది, నేను చేసింది ఎవరికీ తెలియదు. సాయంత్రం దీపం పెట్టబోతే అగ్గిపుల్ల వెలిగించడానికి చేయి రాలేదు. ముఖం లేని పీటకు ఆమె ఇన్నేళ్లు నిజంగా మొక్కింది. ఇప్పుడు ఎవరిదో ముఖం తెచ్చి పెడితే, ఆ మొక్కు కూడా నేనే చెరిపినట్లవుతుంది. వద్దని చెప్పాను. ఆ మాట నా నోట పలికించినందుకు స్వామికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆదివారం ఆమె వచ్చింది. ఆడబిడ్డ చేయి పట్టుకుని, పండగ చీర కట్టుకుని వచ్చింది. కాఫీ ఇస్తే పక్కన పెట్టింది.

"కాఫీ యాడికి పోతాదమ్మా. ముందు మా నాయనను చూపించు."

జరిగింది చెప్పి చూపించాలనుకున్నాను. కానీ ముందే ఫోటో చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి పోయి, కంటికి ఆనించుకున్నట్లు పెట్టుకుని చూసింది.

"ఇది టోపీ. ఇది చెవి. ముఖం యాడమ్మా?"

"నేనే తుడిచినానవ్వా. ఏటా బొట్టు పెట్టేదానికి తుడిచి తుడిచి..."

ఆమె మా ఆడబిడ్డ వైపు తిరిగింది. "ఫోటో ఉండాదంటివే."

ముసలామె ఫోటోను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తర్వాత, ఎదురింటామెను అడిగినట్లు అడిగింది.

"ఆకులో ఏమేమి పెడతారు?"

"అన్నం, పప్పు, పాయసం. అలసంద వడలు."

"అలసంద వడలా? మీకెవరు చెప్పిరి?"

"తాత చెప్పినాడంట. మీ నాయనకు ప్రాణమంట కదా."

"మా అమ్మ కూడా అదే చెప్తా ఉండె." ఆమె పెదవులు కొంచెం నవ్వాయి. "అయితే కడుపు నింపినారు, ముఖం తుడిచినారు."

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ముందు పెట్టిన తెల్లగుడ్డ మూటను ఆమె తానే కట్టుకుంది. మఫ్లరును మాత్రం మెడకు చుట్టుకుంది, ఎండగా ఉన్నా. గడప దాటబోతూ ఆగింది.

"వచ్చే అమావాస్యకు నేను పీట మీద ఇది పెట్టుకుంటా. మీరు ఇంక మా నాయన పేరు చెప్పొద్దులేమ్మా. నేను చెప్పుకుంటా."

సరేనన్నాను. అనడానికి ఇంకేం హక్కుంది నాకు.

మరుసటి అమావాస్యకు ఒక ఆకు తక్కువ వేశాం. నీళ్లు వదులుతూ మా ఆయన అలవాటుగా ఆ పేరు దగ్గరికి వచ్చి, ఆగి, తర్వాతి పేరుకు పోయాడు. నేను మాత్రం అలసంద వడలు వేశాను. ఎవరికని ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా పెద్దల అద్దాలకు అగ్గిపుల్ల కొసతోనే బొట్టు పెడుతున్నాను. మా అత్తది పిసినారితనం కాదని అర్థమైంది.

ఆయన పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఇదే. అది ఆయన కూతురిది. ముఖం వర్ణించి చెబుదామంటే, దాన్ని నేనే ఉంచలేదు. అందుకని ఇది చదివినవారిని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో పెద్దలకు ఆకు వేసే రోజున, హోసూరు అవతలి పల్లె నుంచి బర్మాకు పోయి తిరిగిరాని ఒక సిపాయిని, అలసంద వడలంటే ప్రాణమైన ఆ మనిషిని, ఒక్కసారి తలుచుకోండి.