పైకి మానిన పుండు

మా నర్సమ్మగారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున్న ఏలూరు నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేశారు. "నిద్రలోనే పోయిందమ్మా, బాధ పడలేదు" అన్నారు. ఫోన్ పెట్టేశాక నాకు ముందుగా గుర్తొచ్చింది ఆవిడ చేసిన మేలు కాదు. ఆవిడని మేము ఎంతగా అనుమానించామో, అది.

మాది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. నాన్నది చేపల చెరువుల మీద పని. మూడేళ్ళ కిందట వల లాగుతుంటే పాదంలో జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. ఆయనకి షుగరుంది. నాలుగు రోజులు పసుపు పెట్టి ఊరుకున్నారు. అయిదో రోజుకి కాలు మోకాలి దాకా వాచి, ఒళ్ళు తెలియని జ్వరంతో ఏలూరు ఆస్పత్రిలో పడ్డారు. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. రెండు వారాలకి ప్రాణం నిలిచింది. కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరుగారన్న మాట మాత్రం నాన్న చెవిలో ఉండిపోయింది. "వీళ్ళు కాలు తీసేదాకా ఊరుకోరమ్మాయ్" అనేవారు. రోజూ కట్టు మార్చాలి కాబట్టి ఏలూరులోనే ఒక వాటా అద్దెకి తీసుకున్నాను. అమ్మ అప్పటికే లేదు. దెందులూరు స్కూల్లో నా టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టాను.

ముందు వాటాలో ఉండేవారు నర్సమ్మగారు. నర్సుగా చేసి రిటైరైన ముస్లిం ఆవిడ. వీధి వీధంతా నర్సమ్మగారనే పిలిచేది. మేము దిగిన మర్నాడే, ఎవరూ పిలవకుండానే, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవండీ, ఆ కట్టు ఎవరు కట్టారండీ? ఓసారి విప్పి చూడనిస్తారా?"

ఇక రోజూ వచ్చేవారు. విప్పిన గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. పుండు చుట్టూ అరచేతి వెనకతో తాకి వేడి చూసేవారు. ఇవాళ జ్వరం లేదని నాన్న అంటే, "ఆ మాట మీరు చెప్పకూడదండీ, థర్మామీటరు చెప్పాలి" అనేవారు. అంతా అయ్యాక వాళ్ళ అరుగు మీద కూర్చుని ఒక నోటుపుస్తకంలో ఏదో రాసుకునేవారు. మా దగ్గర ఏమీ పుచ్చుకునేవారు కాదు, టీ కూడా.

మాకు అదే అనుమానం. కొల్లేట్లో అనుమతి లేని చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేస్తున్న రోజులవి. ఎవరి చెరువు గురించి ఎవరు వాళ్ళకి చెప్పారోనని ఊళ్ళో ఒకరినొకరు ఓరగా చూసుకునేవాళ్ళు. ఆ చూపు మాతో పాటే ఏలూరు వచ్చింది.

"ఊరికే ఎవరు చేస్తారమ్మాయ్? ఏ ఆస్పత్రి తాలూకు మనిషో. మనల్ని అక్కడికే లాక్కుపోతుంది చూడు. ఆ పుస్తకంలో ఏం రాస్తోందో కనుక్కో" అన్నారు నాన్న.

నేను కాదనలేదు. ఆవిడ ఇచ్చిన దూది పక్కన పడేసి కొత్తది కొనుక్కొచ్చాను. కట్టు కడుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఆవిడ చేతుల్నే చూసేదాన్ని. ఆవిడకి తెలుసు. "దగ్గరకొచ్చి చూడమ్మా. చూస్తేనే కదా వస్తుంది" అనేవారు.

నెల దాటేసరికి పుండు మీద పలచగా చర్మం పట్టింది. నాన్న ఊరికి వెళ్ళే బస్సుల గురించి అడగడం మొదలుపెట్టారు. ఆ రోజు నర్సమ్మగారు ఆ చర్మం పక్కన బొటనవేలితో నొక్కి, అరచేతి వెనకతో వేడి చూశారు.

"ఇది నాకు నచ్చలేదమ్మా. పైకి మానిన పుండుని నమ్మకూడదు. ఇవాళే ఆస్పత్రికి వెళ్దాం."

చెప్పానా అన్నట్టు నాన్న నా వంక చూశారు.

"నొప్పి లేదంటున్నారు కదండీ" అన్నాను.

"షుగరున్న కాలమ్మా. నొప్పి చెప్పదు."

"రెండు రోజులు చూస్తాం లెండి."

నా గొంతులోని అనుమానం ఆవిడకి వినపడే ఉంటుంది. వెళ్ళి అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ లోపల నమాజులో ఉండగా అరుగు మీదున్న పుస్తకం తెరిచాను. దొంగతనమే. ఏ ఆస్పత్రి పేరూ లేదు అందులో. రోజుకో వరుస రాసి ఉంది. 'చీము పచ్చగా ఉంది.' 'రెండు ముద్దలు తిన్నారు.' 'కూతురు నిద్రపోవడం లేదు.' 'నవ్వారు. వాసన లేదు. అయినా నమ్మకూడదు.' చివరి వరుస ఆ పొద్దుటిది. 'ఒప్పుకోలేదు. సాయంత్రం మళ్ళీ అడగాలి.'

నేను మా వాటాలోకి వచ్చేసరికి నాన్న దుప్పట్లో వణికిపోతున్నారు. నన్ను అమ్మ పేరుతో పిలిచారు. నా కేక విని నర్సమ్మగారు నమాజు ముసుగుతోనే వచ్చి నాడి పట్టుకున్నారు. "ఆటో పిలువమ్మా" అన్నారు. నా చేతిలోనే ఉండిపోయిన పుస్తకం సంగతి అడగలేదు. పొద్దున్న నేనన్న మాటా ఎత్తలేదు.

దారిలో నాన్నకి కొంచెం తెలివొచ్చింది. "కాలు తియ్యద్దని చెప్పండమ్మా" అన్నారు ఆవిడతో.

"మాటివ్వలేనండీ. అడుగుతాను. మీరు కళ్ళు మాత్రం ముయ్యకండి."

చీము లోలోపల ఎముక దాకా పాకిందట. రెండు కాలివేళ్ళు తీసేశారు. కాలు దక్కింది, నాన్న దక్కారు.

ఆ తర్వాత అయిదు నెలలు పట్టింది. మంచం నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి అరుగుకి, అరుగు నుంచి వీధి చివరికి ఆవిడే నడిపించారు. నాన్న ప్రతి మాత్రా వెలుతురులో తిప్పి చూసి, ఇది దేనికని అడిగేవారు. ఆవిడ విసుక్కోలేదు. అడిగి మింగడమే మంచిదన్నారు. ఒకరోజు ధైర్యం చేసి, "మిమ్మల్ని అనుమానించామండీ" అన్నాను.

"తెలుసు లేమ్మా. జబ్బు మనిషి పక్కన కూర్చున్నవాళ్ళకి అనుమానం ఉండాలి. కాకపోతే పుండు మీద ఉండాలి, మనిషి మీద కాదు."

శుక్రవారం నేను ఏలూరు వెళ్ళేసరికి ఆవిడకి ఆఖరి స్నానం చేయిస్తున్నారు. కాసేపటికి ఊరి నుంచి నాన్న వచ్చారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఆయన దగ్గర ఫోనూ లేదు. ఆవిడ నీరసంగా ఉన్నారని విని, పులుసు పెట్టుకుంటారని రెండు కొరమేనులు బతికున్నవి మూత బకెట్లో పట్టుకుని బస్సెక్కారట. వాకిట్లో చెప్పులన్నీ చూసి ఆగిపోయారు. నేను దగ్గరకెళ్ళి చెప్పాను. చాలాసేపు బకెట్ కింద పెట్టలేదు. వాళ్ళ చెల్లెలే "లోపల పెట్టండన్నయ్యగారూ" అన్నారు. పెరట్లో కుళాయి కిందున్న సిమెంటు తొట్లో చేపల్ని వదిలి, ఆవిడని మోసుకెళ్తున్న మగవాళ్ళతో పాటు కుంటుకుంటూ వెళ్ళారు.

ఇల్లు ఖాళీ అయ్యాక మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. తొట్లో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఒక కొరమేను మెల్లగా పైకొచ్చి, నోరు తెరిచి గాలి మింగి కిందికి పోయింది. కాసేపాగి రెండోది వచ్చింది.